సగం కొండ దాకా

టాటా పక్కనున్న దల్మా కొండ సైకిల్ రేసులోకి ఆడపిల్లల్ని మొదటిసారి రానిచ్చిన ఏడు, వచ్చినవాళ్ళు అయిదుగురే. బిష్టుపూర్ కాలేజీ అమ్మాయిలు ఇద్దరు, ఒక సర్దార్ల పిల్ల, గోల్‌మురి నుంచి రత్నం, కొండ కింది పల్లె నుంచి ఒక సంతాలీ గిరిజనుల పిల్ల. అది ఎనభై రెండో సంవత్సరం, హోలీ వెళ్ళిన మరుసటి వారం. మాంగో వంతెన మీద సువర్ణరేఖ దాటాక, రాంచీ రోడ్డుకి అడ్డంగా సున్నంతో గీత గీశారు. మగపిల్లలు అప్పటికే వెళ్ళిపోయారు. వాళ్ళది కొండ శిఖరం దాకా. ఆడపిల్లలకి సగం కొండ దాకానే. అక్కడ కల్వర్టు మీద ఎర్రగుడ్డ కట్టి ఉంటుందని, అది దాటితే రేసు అయిపోయినట్టేనని రేసు నడిపే సంఘంవాళ్ళు చెప్పారు.

రత్నానికి అప్పుడు పదిహేడేళ్ళు. ఆమె కింద ఉన్నది తండ్రి డ్యూటీకి తొక్కుకెళ్ళే నల్ల సైకిల్. తండ్రి పోలరాజు టిన్‌ప్లేట్ కంపెనీలో రోలింగ్ మిల్లు మనిషి. ఆ రోజు ఆయనకి రెండో షిఫ్టు కాబట్టి సైకిల్ దొరికింది. వెనక క్యారియర్, స్టాండు, చెయిన్ కవరు విప్పేసి బరువు తగ్గించి ఇచ్చినవాడు గోవిందరావు. ఆయన ఉండేది కద్మా పేటలో. వయసులో ఉండగా ఈ కొండ రేసులోనే రెండుసార్లు కప్పు కొట్టాడు. ఇప్పుడు సాయంత్రాలు కుర్రాళ్ళకి తర్ఫీదు ఇస్తాడు. రత్నం టైపు నేర్చుకోవడానికి రోజూ అద్దె సైకిల్ మీద బిష్టుపూర్ వెళ్తూ, దారిలో ఆటోలని దాటుకుపోవడం చూసి, ఇంటికి వచ్చి, రేసుకి పంపమని పోలరాజుని అడిగాడు.

తల్లి జోగమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి కొండల మీద సైకిలేటి బావూ? కాలో చెయ్యో ఇరిగితే ఎవులు సూత్తారు?"

"ఎల్లనీయే," అన్నాడు పోలరాజు. "ఒక్కపాలి ఎక్కితే మోజు తీరిపోద్ది."

రోడ్డు చదునుగా ఉన్నంతసేపూ రత్నమే ముందు. కొండ మొదలైన చోట తారు పోయి ఎర్రమట్టి, గులకరాళ్ళు వచ్చాయి. రెండు పక్కలా ఆకు రాల్చిన అడవి, దాని మధ్య మంట పెట్టినట్టు మోదుగ పూలు. మొదటి మలుపులోనే రత్నానికి తొడలు బిగుసుకుపోయాయి. సీటు మీంచి లేచి నిలబడి, ఒంటి బరువంతా పెడలు మీద మోపి తొక్కింది. చక్రం కొంచెం కదిలి ఆగింది. కదిలింది, ఆగింది. వెనక నుంచి గులకరాళ్ళ చప్పుడు వినిపించింది. ఆ సంతాలీ పిల్ల ఆమెని దాటింది.

ఆ పిల్ల కాళ్ళకి చెప్పులు లేవు. చీర మోకాళ్ళ దాకా ఎగగట్టింది. సీటు మీంచి లేవలేదు. రోడ్డుకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి, మళ్ళీ ఈ అంచుకి, తొందర లేకుండా తిప్పుకుంటూ ఎక్కుతోంది. దూరం ఎక్కువే గాని ఎక్కుడు తెలియడం లేదు. రత్నం కాసేపు చూసి తనూ అలాగే తిప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల చక్రం మట్టిలో గీసిన గీత మీదే తన చక్రం నడిపింది. ఊపిరి కుదుటపడింది. కల్వర్టు కనిపించేసరికి ఇద్దరి మధ్యా నాలుగు బారల దూరం కూడా లేదు. అయినా ఆ పిల్లే మొదట దాటింది. రత్నం రెండోది. మిగిలిన ముగ్గురూ మధ్యలోనే దిగి నడిపించుకుంటూ వచ్చారు.

నీళ్ళిచ్చారు, భుజాలు తట్టారు. రత్నం కల్వర్టు గోడ మీద కూర్చుని చూస్తే, రోడ్డు అక్కడితో ఆగలేదు. ఎర్రగుడ్డ దాటి, మద్ది చెట్ల మధ్య నుంచి ఎడమకి తిరిగి పైకి పోతోంది. మట్టి మీద మగపిల్లల టైరు గుర్తులు ఉన్నాయి. పక్కకి చూస్తే ఆ పిల్ల కూడా అటే చూస్తోంది.

"పైకి ఎప్పుడైనా వెళ్ళావా?" అని రత్నం హిందీలో అడిగింది.

"ఆకులకి వెళ్తాం, మా అమ్మా నేనూ. నడిచి," అందా పిల్ల. "సైకిల్ మీద వెళ్ళలేదు."

"అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది?"

"ఇటువైపు మీ ఊరు మొత్తం. అటువైపు మా చుట్టాల ఊళ్ళు." కాసేపు ఆలోచించి, "పైన గాలి వేరు," అంది.

ఆ పిల్ల పేరు సుమీ.

ఆ రాత్రి రత్నం కాళ్ళ నొప్పితో పడుకోలేకపోయింది. తెల్లారి నీళ్ళ పంపు దగ్గర బిందె పెట్టి తలెత్తితే, క్వార్టర్ల కప్పుల వెనక, పొగ గొట్టాలకి అవతల, దల్మా నీలంగా అడ్డంగా పడుకుని ఉంది. పుట్టిననాటి నుంచీ అది అక్కడే ఉంది. ఆమె ఎన్నడూ దాన్ని చూడాలని చూడలేదు. ఇప్పుడు చూస్తే, కొండ రెండు ముక్కలుగా కనిపించింది: తను ఎక్కిన సగం, ఎక్కని సగం.

*

సుమీ వారానికి నాలుగు రోజులు మద్దియాకు విస్తర్ల కట్టలు అన్న సైకిల్ వెనక కట్టుకుని మాంగో బజారుకి వచ్చేది. తెల్లారేసరికి అమ్మేసి తిరిగిపోయేది. ఆ సంగతి తెలిశాక రత్నం తన సాధన వేళ మార్చుకుంది. చీకటి ఉండగానే లేచి, గోల్‌మురి నుంచి మాంగో వంతెన దాకా ఒక్కతీ తొక్కుకుంటూ వెళ్ళి, అక్కడి నుంచి సుమీతో కలిసి కొండ మొదలు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. జోగమ్మ రొట్టెల్లో చింతకాయ పచ్చడి పెట్టి ఇస్తే సగం సుమీకి. సుమీ ఎండు ఇప్పపూలు కొంగున కట్టుకొచ్చేది. అవి నమిలితే కిస్మిస్‌లా ఉండేవి, వాసన మాత్రం గొంతులో ఉండిపోయేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు పోతుంటే మాటలకి వీలుండదు. సుమీ ముందుంటే రత్నం ఆమె మడమలు చూసేది. ఎర్రమట్టి పట్టి పగిలిన మడమలు, ఒక లెక్కలో పైకీ కిందకీ వెళ్తూ. ఆ లెక్కే రత్నం కాళ్ళకీ వచ్చేసింది. ఒంటరిగా బిష్టుపూర్ వెళ్తున్నప్పుడు కూడా ఆ మడమలు ముందున్నట్టే తొక్కేది.

రెండో ఏడు గోవిందరావు ఎవరి దగ్గరో తేలికపాటి సైకిల్ అరువు తెచ్చాడు. ముందు పళ్ళచక్రం తీయించి చిన్నది వేయించాడు, ఎక్కుడుకి అనువుగా. ఆ ఏడు ఎర్రగుడ్డ దగ్గర రత్నం మొదటిది. సుమీ ముందు చక్రం రత్నం వెనక చక్రానికి తగిలేంత దగ్గరగా వచ్చింది. దిగి ఇద్దరూ నవ్వుకున్నారు. రత్నానికి చిన్న కప్పు ఇచ్చి ఫొటో తీశారు. తీరా అందరూ దిగిపోతుంటే ఆమె కదలలేదు.

"మాస్టారూ, మేం పైకెందుకు ఎళ్ళకూడదు?" అని గోవిందరావుని అడిగింది.

"పైన దారి బాగోదమ్మాయ్. రాళ్ళు. జంతువులు తిరుగుతాయి అంటారు సంఘంవాళ్ళు."

"అబ్బాయిలకి తిరగవా?"

గోవిందరావు ఆ సాయంత్రమే సంఘం పెద్దల దగ్గరికి వెళ్ళాడు. నెలల తరబడి వెళ్తూనే ఉన్నాడు. ఆఖరికి దసరా అయ్యాక ఒకనాడు గోల్‌మురి వచ్చి, గుమ్మంలో సైకిల్ దిగకుండానే చెప్పాడు: "వచ్చే రేసులో ఆడపిల్లలు కూడా పై దాకా. ఒప్పుకున్నారు."

రత్నం ఆ కబురు సుమీకి చెప్పడానికి మర్నాటి దాకా ఆగలేకపోయింది. విస్తర్లు అమ్మే వేళ కాదని తెలిసీ మాంగో దాకా వెళ్ళి వచ్చింది.

*

పోలరాజుది పాలకొండ దగ్గర పల్లె. యాభై ఏడులో మేనమామ వెంట టాటా వచ్చాడు. పాతికేళ్ళకి పైగా ఇక్కడే ఉండి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే పిల్లని కని, ఇప్పటికీ ఈ ఊరిని 'మనూరు' అనడు. నీళ్ళు బాగోలేకపోయినా, చేప రుచిగా లేకపోయినా, ఎండ మండిపోయినా 'మనూర్నైతేనా' అంటాడు. విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఆయన చెవి అటే ఉంది. పని తెలిసినవాళ్ళు కావాలట, టాటా నుంచి ఒక్కొక్కరే వెళ్తున్నారట. సంక్రాంతి వెళ్ళాక ఆయనకీ పిలుపు వచ్చింది.

"మార్చి మొదట్ల క్వార్టరు ఖాళీ సేసియ్యాల," అన్నాడు అన్నం ముందు కూర్చుని. జోగమ్మ కళ్ళు తుడుచుకుంది, అది సంతోషమే.

రత్నం హిందీలో అడిగింది, "ఔర్ రేస్?"

"ఏటి?"

"రేసు, నాన్నా. హోలీ తరవాత రేసు. ఈసారి పై దాకా," అంది మళ్ళీ హిందీలోనే.

జోగమ్మ అందుకుంది. "మీ నాన్నకి ఇన్నేళ్ళకి సొంత దేశం దొరికితే, నీకు రేసేటే?"

పోలరాజు అన్నం కలుపుతూ, "ఆ కొండ మీద ఏటున్నాదే?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకోవాలనే.

"తెల్దు నాన్నా. నాను సూడనేదు కదా," అంది రత్నం. ఇంట్లో తెలుగుకి హిందీలో జవాబు చెప్పే పిల్ల, ఆ మాట మాత్రం తెలుగులోనే చెప్పింది.

ఆయన కూతురి ముఖం చూశాడు. పాతికేళ్ళుగా తనకున్న రోగమే పిల్లకీ ఉందని గుర్తుపట్టాడో ఏమో, "పైడమ్మ కాడ ఉండు," అన్నాడు. "నానూ మీ అమ్మా ముందెల్తాం. రేసైన మర్నాడు బండెక్కీయాల. మాటియ్యి."

మాట ఇచ్చింది. పైడమ్మది పక్క వరసలో ఇల్లు. చీపురుపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు, చుట్టరికం లేకపోయినా రత్నానికి పిన్ని వరస. సామాను లారీ వెళ్ళిపోయిన రోజు రత్నం, తాళం వేసిన సొంత క్వార్టరు ముందు నుంచే పైడమ్మ ఇంటికి నడిచి వెళ్ళి చాప పరుచుకుంది.

సుమీకి మాత్రం చెప్పలేదు. చెబుదామనే ప్రతిసారీ బయలుదేరేది. వంతెన దాటి, సుమీ చెయ్యెత్తడం చూడగానే, రేపు చెబుదాం అనుకునేది. రేసు గురించే మాట్లాడుకునేవారు. పైన మలుపులు ఎక్కడ నిటారుగా ఉంటాయో సుమీ మట్టి మీద పుల్లతో గీసి చూపించేది. "పైకి వెళ్ళాక నీకు మా అత్త వాళ్ళ ఊరు చూపిస్తా," అనేది.

*

ఆ ఏడు ఎనిమిదిమంది ఆడపిల్లలు వచ్చారు. ఇద్దరు రాంచీ నుంచి, గేరు సైకిళ్ళతో. గీత మీద నిలబడినప్పుడు సుమీ రత్నం పక్కనే ఉంది. ఈసారి కూడా చెప్పులు లేవు.

రాంచీ పిల్లలు చదును రోడ్డు మీద చాలా ముందుకి పోయారు. కొండ మొదలయ్యాక రెండు మలుపులకే ఒకామె దొరికిపోయింది, నాలుగో మలుపు దగ్గర రెండో ఆమె. కల్వర్టు వచ్చింది. ఈ ఏడు దాని మీద గుడ్డ లేదు. రత్నం చక్రం అది దాటి అవతలి మట్టి మీద పడింది. ఇక్కడి నుంచి కొత్త దారి.

నిజంగానే దారి బాగోలేదు. వానలకి కోసుకుపోయి మధ్యలో పెద్ద గోతులు ఉన్నాయి. రాళ్ళు టైరు కింద నుంచి జారి లోయలోకి దొర్లుతున్నాయి. ఎండ నడినెత్తికి వస్తోంది. సుమీ ముందు, రత్నం వెనక. కాసేపటికి రత్నం ముందు, సుమీ వెనక. ఎవరు ముందుంటే వాళ్ళు దారి వెతకాలి, వెనక ఉన్నవాళ్ళకి కొంచెం విశ్రాంతి. అది వాళ్ళు ముందుగా అనుకున్నది కాదు. మిగిలినవాళ్ళ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. చెట్లు పల్చబడ్డాయి. గాలి మారింది. సుమీ మొదటి ఏడు చెప్పిన మాట రత్నానికి అప్పుడు అర్థమైంది. ఆ గాలికి పొగ వాసన లేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో గాలికి పొగ వాసన ఉందనే సంగతి ఆమెకి అంతవరకూ తెలియదు.

ఒక మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు ముందు అడవి గార్డు, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. సుమీ ఒక చక్రం ముందు ఆగింది, వెనకే రత్నం.

గార్డు నోటి మీద వేలు పెట్టి పైకి చూపించాడు. ఇప్పచెట్టు కింద ఏనుగులు. అయిదారు ఉంటాయి. రోడ్డు మీదే నిలబడి, రాలిన పూలు తొండాలతో ఏరుకుంటున్నాయి. ఒక పిల్ల ఏనుగు తల్లి కాళ్ళ మధ్య నుంచి అటూ ఇటూ దూరుతోంది. మగపిల్లలు పైకి వెళ్ళాక వచ్చాయట. పైనవాళ్ళు పైనే చిక్కుకుపోయారు.

"ఇంకెంత ఉంది?" రత్నం గుసగుసగా అడిగింది.

"రెండు మలుపులు," అన్నాడు గార్డు.

సైకిళ్ళు పడుకోబెట్టి, రోడ్డు పక్కన బండ మీద కూర్చున్నారు. ఒంటి మీది చెమట ఆరిపోయింది. వెనక మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. అందరూ ఏనుగుల్ని చూస్తున్నారు. రత్నం మాత్రం వాటి వెనక రోడ్డు తిరిగే చోటు చూస్తోంది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. తల్లి ఏనుగు తొండం ఎత్తి గాలి వాసన పట్టి, మళ్ళీ తినడంలో పడింది. వాటికి తొందర లేదు.

ఎండ వాలేదాకా ఎదురుచూశారు. సుమీ ఒకసారి గార్డు దగ్గరికి వెళ్ళి, పక్క బాట తనకి తెలుసనీ, చెట్లలో నుంచి చుట్టి తీసుకెళ్తాననీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆఖరికి కింది నుంచి సంఘంవాళ్ళు జీపులో వచ్చి, ఆడపిల్లల రేసు తాడు దగ్గరే అయిపోయిందని ప్రకటించారు. మొదట ఎవరు వచ్చారని గార్డుని అడిగితే, "చెప్పులు లేని పిల్ల," అన్నాడు. సుమీ గెలిచింది. రత్నం రెండోది. దాని గురించి రత్నానికి బాధ లేదు. ఆమె ఇంకా ఆ మలుపే చూస్తోంది.

సుమీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కొండ ఎక్కడికి పోతుంది, మనం ఎక్కడికి పోతాం? వచ్చే ఏడు చూద్దాం."

"నేను రేపు వెళ్ళిపోతున్నా," అంది రత్నం. "మా వాళ్ళు ముందే వెళ్ళారు. విశాఖపట్నం. ఇక అక్కడే."

సుమీ చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి తీసేసింది.

"ముందే చెప్పి ఉంటే ఏదో ఒక రోజు నడిపించి తీసుకెళ్ళేదాన్ని. పైకి."

"సైకిల్ మీద వెళ్దామనుకున్నా. నీతో."

కొండ దిగేటప్పుడు ఎప్పుడూ బ్రేకు ముట్టుకోని సుమీ, ఆ రోజు బ్రేకులు పట్టుకుని, రత్నం పక్కన మెల్లగా దిగింది. కింద తన పల్లెకి బాట చీలే చోట ఆగి, గెలిచిన కప్పు రత్నం చేతికి ఇచ్చి, చూడమంది. రత్నం చూసి తిరిగి ఇచ్చింది. సుమీ చీకట్లో తన బాట పట్టింది. వెనక్కి తిరగలేదు. రత్నం ఆ సైకిల్ చప్పుడు వినిపించినంతసేపు రోడ్డు మీదే నిలబడి ఉంది.

*

విశాఖపట్నంలో పోలరాజు పదేళ్ళు చిన్నవాడైపోయాడు. పొద్దున్నే రేవుకి వెళ్ళి, బతికున్న చేప ఎంచి తెచ్చేవాడు. వీధిలో అందరితో మాట్లాడేవాడు. రోడ్డు మీద బస్సు బోర్డులు పైకి చదివి ఆనందపడేవాడు. ఆయన్ని చూస్తే రత్నానికి సంతోషంగానే ఉండేది. ఆ ఇంట్లో తన దిగులు పెట్టుకోవడానికి చోటు లేదనిపించి, బయట పెట్టుకునేది.

పోర్టు దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరింది. అక్కడివాళ్ళు ఆమె మాట విని నవ్వేవారు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలేది. 'టాటా పిల్ల' అని పేరు పెట్టారు. ఆదివారాలు సింహాచలం ఘాట్ రోడ్డు సైకిల్ మీద ఎక్కేది. మంచి రోడ్డు, తారు వేసింది. సంపెంగల వాసన, పైకి పోతుంటే దూరంగా సముద్రం. దర్శనానికి వెళ్ళే బస్సుల్లోంచి జనం తలలు బయట పెట్టి చూసేవారు. పైదాకా ఎక్కేది, దిగేది. ఏ ఆదివారమూ కాళ్ళు నొప్పి పుట్టలేదు. ముందు ఎవరూ ఉండేవారు కాదు.

"ఇంత మంచి కొండుండగా ఇంకా ఆ కొండేటే?" అనేది జోగమ్మ.

రత్నం ఏం చెబుతుంది? హోలీ రోజులు వచ్చేసరికి ఆమెకి అన్నం సయించేది కాదు. మోదుగలు పూసి ఉంటాయి. సున్నం గీత గీసి ఉంటారు. ఈ ఏడు ఏనుగులు వచ్చాయో లేదో. సుమీ పైకి వెళ్ళిందో లేదో. ఆఫీసు కిటికీ లోంచి క్రేన్లు కనిపించేవి, వాటి మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. దాని వైపు చూస్తూ రెండు మలుపులు అనుకునేది. ఆ రెండు మలుపులూ ఎలా ఉంటాయో లోపల గీసుకునేది. ఒకసారి కుడికి తిప్పేది, ఒకసారి ఎడమకి. పైన ఒకసారి పెద్ద మైదానం ఉండేది, ఒకసారి ఒట్టి బండ. సుమీ మాత్రం ఎప్పుడూ ఉండేది, వాళ్ళ అత్త ఊరి వైపు చెయ్యి చాపి.

*

రెండేళ్ళ తరవాత, వైశాఖంలో, పైడమ్మ కూతురి పెళ్ళికి తల్లీ కూతుళ్ళు టాటా వెళ్ళారు. పెళ్ళి హడావుడి సద్దుమణిగాక రత్నం కద్మా వెళ్ళి గోవిందరావుని కలిసింది. ఆయన జుట్టు బాగా నెరిసింది.

"ఆడపిల్లల రేసు ఎత్తేశారమ్మాయ్," అన్నాడు. "నువ్వు ఎళ్ళాక ఒక్క ఏడు జరిగింది. నలుగురు కూడా రాలేదు. మరి పెట్టలేదు."

"సుమీ?"

"ఆ ఏడు రాలేదు. పెళ్ళయిపోయిందన్నారు. కొండ అవతలి ఊరట."

రత్నం వెళ్ళడానికి లేచి, "మాస్టారూ, సైకిలుంటే ఒక్క పూటకి ఇయ్యండి," అంది. ఆయన లోపలికి వెళ్ళి, టైర్లలో గాలి కొట్టి తెచ్చి ఇచ్చాడు. ఎక్కడికని అడగలేదు.

మర్నాడు సాయంత్రం బండి. తెల్లారకముందే బయలుదేరింది. వంతెన, రాంచీ రోడ్డు, ఎర్రమట్టి. జనం లేరు, సున్నం గీత లేదు. అడవి పచ్చగా చిగిర్చి ఉంది. కాళ్ళు అడ్డంగా తొక్కడం మరిచిపోలేదు. కల్వర్టు దగ్గర ఆగలేదు. ఇప్పచెట్టు దగ్గర ఏనుగులు లేవు, తాడు లేదు. అక్కడ మాత్రం ఒక్క కాలు కింద పెట్టి, కాసేపు ఊపిరి పీల్చుకుంది. తరవాత ఇన్నాళ్ళూ గాలిలో గీసుకున్న ఆ మలుపులోకి సైకిల్ తిప్పింది.

రెండు మలుపులు కావు. గార్డు ఏదో వాళ్ళని ఊరడించడానికి అని ఉంటాడు. ఒకటి తరవాత ఒకటి చాలా వచ్చాయి. ప్రతి దాని చివరా ఆకాశం కనిపించేది, తీరా వెళ్తే ఇంకో మలుపు. రెండుచోట్ల దిగి నడిపించాలనిపించింది. దిగలేదు. చివరికి రోడ్డు దానంతట అదే చదునైంది. ఒక వీక్షణ గోపురం, మూసి ఉన్న అతిథి గృహం, బండల మధ్య ఎవరో పెట్టి వెళ్ళిన పసుపు కుంకుమలు. అంతే. గాలి హోరుమని కొడుతోంది.

బండ అంచుకి వెళ్ళి చూసింది. రెండు నదులు కలిసే చోటు తెల్లగా మెరుస్తోంది. దాని ఇవతల ఊరు, పొగ గొట్టాలు, వాటి మీద మసక. గోల్‌మురి ఎక్కడో వెతికింది. పొగ గొట్టాలు చూసి ఇదే అనుకుంది, మళ్ళీ కాదేమో అనుకుంది. తాము ఉన్న క్వార్టరు ఇంత దూరం నుంచి కనిపించదని ఆమెకి ముందే తెలిసి ఉండాల్సింది. అయినా చాలాసేపు వెతికింది.

తరవాత అవతలి వైపుకి నడిచింది. అటు కొండ వాలు నిండా అడవి, అడవి చివర చిన్న చిన్న పల్లెలు, వంటపొగలు. పొదల్లో ఆకులు కోస్తూ ఒక ముసలామె కనిపించింది. రత్నం హిందీలో అడిగింది, ఈ వైపు ఊళ్ళకి సుమీ అనే కోడలు వచ్చిందా, సైకిల్ తొక్కే పిల్ల అని.

"సైకిల్ కోడలు," అని ముసలామె నవ్వింది. "ఉంది. అదిగో, చెరువు పక్కన ఊరు. ఇప్పుడు సైకిల్ మొగుడు తొక్కుతున్నాడు. ఆమెకి చంటిపిల్ల."

"ఆకులకి వస్తుందా?"

"ఒక్కో రోజు. పిల్లని వీపున కట్టుకుని."

"ఇవాళ?"

"ఎవరికి తెలుసు? నువ్వే దిగి వెళ్ళు. మధ్యాహ్నానికి చేరతావు."

రత్నం ఆ ఊరి వైపు చూసింది. దిగేది కాలిబాట, సైకిల్ పోదు. మధ్యాహ్నానికి అక్కడ ఉంటే సాయంత్రం బండి అందదు. తల్లి ఒక్కతే సామానుతో స్టేషన్లో ఉంటుంది. బాట మొదట్లో దాకా వెళ్ళి నిలబడింది. రాళ్ళ మధ్య నుంచి అది మెలికలు తిరిగి చెట్లలోకి పోతోంది. ఎవరైనా ఎక్కి వస్తే ఇక్కడి నుంచి ముందే కనిపిస్తారు.

బాట పక్కన బండ మీద కూర్చుంది. ఎండ పెరిగింది. ఇద్దరు ఆడవాళ్ళు ఆకుల మోపులతో ఎక్కి వచ్చారు. దూరం నుంచి వాళ్ళలో ఒకరి నడక చూసి లేచి నిలబడింది. దగ్గరికి వచ్చాక వేరే ముఖం. వాళ్ళు ఆమెని వింతగా చూసి వెళ్ళిపోయారు. తరవాత చాలాసేపు ఎవరూ రాలేదు. కింద ఎక్కడో గొడ్డలి చప్పుడు వినిపించి ఆగిపోయింది. చెరువు పక్కన ఊళ్ళో ఒక్కో పొగా సన్నబడి పోయింది.

ఇక బయలుదేరకపోతే లాభం లేదనిపించాక, ముసలామె దగ్గరికి వెళ్ళింది. "రత్నం పైకి వచ్చిందని చెప్పండి. సైకిల్ మీదే వచ్చిందని. చాలాసేపు కూర్చుందని."

"రతన్," అంది ముసలామె.

"రత్నం."

"రతన్. చెబుతాలే."

రత్నం సైకిల్ ఎక్కింది. దిగుడు మొదలయ్యే చోట ఒకసారి ఆగి, వెనక బాట వైపు చూసింది. గాలికి పొదలు కదులుతున్నాయి. మనిషేమో అనుకుని ఇంకాసేపు చూసింది. తరవాత బ్రేకులు పట్టుకుని, మెల్లగా దిగడం మొదలుపెట్టింది.